దూది చిక్కని ఇనుము

ఎల్లప్ప దొంగ అని కోర్టువారు తేల్చింది 1977లో. ఆ రోజు బోనులో నిలబడవలసిన మనిషి ఇంకొకడు ఉన్నాడు. ఆ మనిషి నాలుగు రోజులు సెలవు పెట్టి తెనాలి వెళ్లి, అత్తవారింట అరటాకులో భోజనం చేశాడు. అది నేనే. పేరు సుందరరామయ్య. హైదరాబాదులో సర్కారు గుమాస్తాని, ఇప్పుడు సూపరింటెండెంటుని. ఎల్లప్ప గురించి ఎవరూ రాయరు కనక నేనే రాయాలి. రాయడానికి నాకు అర్హత లేదని తెలుసు.

హుస్సేనీ ఆలంలో ఒకే వాకిటి చుట్టూ మా కాపురాలు. ఇటు రెండు గదుల్లో నేనూ, నా భార్య హైమవతీ. అటు ఒక్క గదిలో ఎల్లప్ప, అతని భార్య సక్కుబాయి. పిల్లలు మాకూ లేరు, వాళ్లకూ లేరు. ఎల్లప్ప ఒక ప్రభుత్వ వర్క్‌షాపులో ఫిట్టరు. పొద్దున్నే టిఫిన్ డబ్బా సైకిలుకు తగిలించుకుని పోయేవాడు, సైరన్ మోగాక వచ్చేవాడు. ఇరవై రెండేళ్లుగా అతని పని ఒక్కటే. పిడికిలంత ఇనప ముక్కను బిగించి, ఆకురాయితో రాసి నున్నగా చెయ్యడం. ఆ ముక్క దేనిలోకి పోతుందో అతనికి ఎవరూ చెప్పలేదు.

పని నేర్పిన ఉస్తాదు అతనికి ఒక అలవాటు అంటగట్టి పోయాడు. ఇనుము రాయడం అయ్యాక చిటికెడు దూది తీసి దాని మీద జారవిడవాలి. ఒక్క పోగు చిక్కినా పని కానట్టే, మళ్లీ మొదటి నుంచి రాయాలి. మిగతా ఫిట్టర్లు వేలితో తడిమి సరేననేవారు. ఎల్లప్ప జేబులో ఎప్పుడూ దూది ఉండేది. సక్కుబాయి చొక్కా ఉతికేటప్పుడల్లా ఆ దూది తీసి అవతల పారేసి, నా సవతి అని నవ్వేది.

అరవై తొమ్మిది సంగతి ఒకటి చెప్పాలి. తెలంగాణ గొడవల్లో మా కోస్తావాళ్ల ఇళ్ల మీద రాళ్లు పడ్డ రోజులు. ఎల్లప్ప నాలుగు రోజులు డ్యూటీ మానేసి మా గుమ్మంలో కుర్చీ వేసుకు కూర్చున్నాడు. చేతిలో కర్ర కూడా లేదు. ఎవరొచ్చినా "గిది నా ఇల్లే" అని చెప్పి పంపేశాడు. ఆ నాలుగు రోజులూ హైమవతి అతనికి కాఫీ ఇచ్చింది, నేను పేపరు చదివి వినిపించాను. ఇంతకంటే ఏం చేశామని అడిగితే, ఏమీ చెయ్యలేదు.

డెబ్బై ఒకటిలో మా వీధి చివర ఒక నవాబుగారి దేవిడీ పెద్దగేటు కుంగిపోయింది. మేనేజరు పిలిస్తే ఎల్లప్ప మూడు ఆదివారాలు పోయి నిలబెట్టి వచ్చాడు. కూలికి బదులు ఏం కావాలంటే, కొట్టంలో కోళ్లు ఎక్కి కూర్చుంటున్న మోటారుసైకిలు అడిగాడు. లడాయి కాలంలో ఇంగ్లండు నుంచి వచ్చిన బీఎస్ఏ. ఎవరో మిలిట్రీవాళ్ల దగ్గర కొని, నవాబుగారి తమ్ముడు కొన్నాళ్లు నడిపి వదిలేశాడట. పచ్చరంగు మీద తుప్పు, తుప్పు మీద రెట్ట. ఇంజను పగిలిపోయింది. మేనేజరు రిజిస్ట్రేషను పుస్తకం కూడా వెతికి ఇచ్చాడు. ఆ కాగితాలు ఎల్లప్ప పేరు మీదికి మార్పించింది నేనే. వాళ్ల గది వానకు కారుతుందని పుస్తకం నా ట్రంకుపెట్టెలోనే దాచాను.

ఆ బండికి ఆకారం కూడా నా చలవే. పత్తర్‌గట్టిలో పాత కాగితాల దుకాణంలో ఏదో ఇంగ్లీషు పత్రిక దొరికితే తెచ్చాను. అందులో లండను కుర్రాళ్లు ఇలాంటి పాత బళ్లనే విప్పేసి, హ్యాండిలు కిందికి దించి, ట్యాంకు పొడుగు చేసి, వెనక సీటు తీసేసి, ఒక టీ హోటలు నుంచి ఇంకో టీ హోటలు దాకా పందేలు వేస్తున్న బొమ్మలున్నాయి. చదివి చెప్పాను. చాయ్ కోసం గింత కష్టమా అని సక్కుబాయి నవ్వింది. ఎల్లప్ప నవ్వలేదు. ఆ కాగితం అడిగి తీసుకుని గోడకు అంటించుకున్నాడు.

"సారూ, ఇరవై రెండేండ్లు తుకుడలే జేసిన. ఒక్క సామానన్న పూరాగ నా చేతిల తయారుగాలే. గిది మొత్తం నాదే జేస్త," అన్నాడు.

రెండున్నరేళ్లు పట్టింది, ఆదివారాలు మాత్రమే పని. జుమ్మెరాత్ బజార్లో తుక్కులోంచి ఇంకో ఇంజను తెచ్చాడు, రెంటినీ విప్పి ఒకటి చేశాడు. ట్యాంకు రేకును ఇసక సంచి మీద పెట్టి కొయ్యసుత్తితో కొట్టి, మోకాళ్లు ఆనుకునే చోట లోపలికి నొక్కాడు. హ్యాండిలు వంచాడు, కాలిపెడళ్లు వెనక్కి జరిపాడు. తుప్పు గోకినప్పుడల్లా ఎర్రపొడి లేచి హైమవతి ఎండబెట్టిన వడియాల మీద పడేది. ఆవిడ నా మీద అరిచేది, నేను అతని మీద అరిచేవాణ్ణి, అతను బోరింగు దగ్గరి నుంచి నీళ్లు తెచ్చి వాకిలి కడిగేవాడు.

డెబ్బై మూడు ఫిబ్రవరిలో ఒక ఆదివారం పొద్దున. వాకిటి స్తంభానికి అద్దం తగిలించుకుని నేను గడ్డం గీసుకుంటున్నాను. ఎల్లప్ప చట్రం ఒక్కటీ విడదీసి, భుజాన వేసుకుని నా దగ్గరికి తెచ్చాడు. హ్యాండిలు దూరే గొట్టం మీద వేలు పెట్టి చూపించాడు.

"సారూ, ఈడ ఏందో గీతలు గానొస్తున్నయి. ఒకటి ఆరు లెక్కున్నది. జర సూడుండ్రి, తీసెయ్యాల్నా, ఉంచాల్నా?"

నా ముఖం నిండా సబ్బు. కళ్లద్దాలు కిటికీలో ఉన్నాయి. పట్టుమని నాలుగడుగులు కూడా లేదు. నేను వెళ్లలేదు. అద్దంలోంచే అటు చూసి, మిలిట్రీ బండి కదా, ఎవడో సిపాయి గీక్కుని ఉంటాడు, తీసెయ్యమన్నాను. కాగితాలు చదివి బతికేవాణ్ణి, చదవకుండా తీర్పు చెప్పాను. ట్రంకుపెట్టె తెరిచి పుస్తకంలో నంబరు చూసినా సరిపోయేది. అతను సరేనని వెళ్లిపోయాడు. చీకటి పడేదాకా ఆకురాయి చప్పుడు వినిపించింది. తర్వాత దూది తెచ్చి నా కళ్లముందు ఆ గొట్టం మీద జార్చాడు. ఒక్క పోగు చిక్కలేదు. నేను శభాష్ అన్నాను.

డెబ్బై నాలుగు వానాకాలం ముందు బండి నడిచింది. పుస్తకం నా పెట్టెలోంచి తీసి అతనికిచ్చాను. నల్లటి రంగు, పొడుగాటి ట్యాంకు, ఒక్కడికే సీటు. ఆదివారం పొద్దున ఎల్లప్ప దాని మీద వంగి కూర్చుని జహనుమా మీదుగా ఫలక్‌నుమా గుట్ట చడావు దాకా పోయి వచ్చేవాడు. ఆ చప్పుడు వస్తుంటే ఇరానీ హోటలు ముందు మనుషులు చాయ్ సాసర్లు పట్టుకునే లేచి నిలబడేవారు. సక్కుబాయి మాత్రం తనకు జాగా లేని బండి ఎందుకని దెప్పేది. నిన్ను సైకిలు మీద తిప్పుతా గదా అనేవాడు. మనిషి అంత సంతోషంగా ఉండగా నేను అంతకు ముందెప్పుడూ చూడలేదు. పదమూడు నెలలు.

డెబ్బై అయిదులో అత్యవసర పరిస్థితి వచ్చింది. ఎక్కడ చూసినా తనిఖీలు. పత్తర్‌గట్టి దగ్గర బండి ఆపారు. ఇంజను నంబరు పుస్తకంలో లేదు. వెతికితే, ఆ ఇంజను ఎప్పుడో దొంగలెత్తుకుపోయిన ఇంకో బండిదని తేలింది. సరే, చట్రం నంబరు చూద్దామన్నారు. నంబరు ఉండవలసిన చోట ఏమీ లేదు. తుక్కు బండి పుస్తకం పెట్టుకుని దొంగబండి నడుపుతున్నాడని కేసు రాశారు. మూడు రోజులు లాకప్పులో ఉంచారు. సర్కారు నౌకరు రెండు రోజులు దాటి కస్టడీలో ఉంటే సస్పెండయినట్టే. ఆ రూలు నాకు కంఠతా వచ్చు, మా ఆఫీసులో అలాంటి ఉత్తర్వులు నేనే రాసేవాణ్ణి.

దేవిడీ మేనేజరు అప్పటికే చనిపోయాడు. బండి కోళ్ల కొట్టంలోంచి వచ్చిందనీ, ఆ గీతలు మా వాకిట్లోనే తీశాడనీ చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. ఎల్లప్ప వకీలు ఒకసారి మా ఇంటికి వచ్చాడు. ఈ బండి విడదీయడం చూసిన సర్కారు ఉద్యోగి ఒకరు సాక్ష్యం చెబితే కేసు నిలవదన్నాడు. ఆ గీతల గురించి నేనన్న మాట అతనికి తెలిసినట్టు లేదు. నేను ఆలోచించి చెబుతానన్నాను. నా ప్రమోషను ఫైలు అప్పుడు పైన ఉంది. దొంగసొత్తు కేసులో పేరు ఎక్కితే ఆ ఫైలు ఏమవుతుందో నాకు బాగా తెలుసు. తీసెయ్యమన్నది నేనేనని బోనులో చెప్పవలసి వస్తే నేనూ ముద్దాయినే. రెండేళ్లు ఆలోచించాను. వాయిదా దగ్గర పడగానే మామగారికి ఒంట్లో బాగాలేదని సెలవు రాసి తెనాలి బండెక్కాను. మామగారు నిక్షేపంగా ఉన్నారు.

కోర్టులో ఏం జరిగిందో సక్కుబాయి హైమవతికి చెప్పింది. పరీక్షించడానికి ఒక నిపుణుణ్ణి పిలిపించారట. ఆయన ఆ గొట్టం తడిమి తడిమి చూసి, ఇది ఆరితేరిన చెయ్యి, నంబరు తీసిన చోటు వేలికి కూడా తెలియడం లేదు, మామూలువాడు ఇంత నున్నగా చెయ్యలేడు అని చెప్పాడట. ఆ మాట విన్నప్పుడు ఎల్లప్ప బోనులో నిటారుగా నిలబడి కొంచెం నవ్వాడట. ఇరవై ఏళ్లు దాటిన నౌకరీలో అతని పనిని పైవాడొకడు మెచ్చుకోవడం అదే మొదటిసారి. ఆ నవ్వు జడ్జీగారు కూడా చూశారు.

ఆరు నెలల శిక్ష పడింది. నౌకరీ పోయింది. నాకు ప్రమోషను వచ్చింది. హైమవతి ఆ నెలంతా నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. జైలు నుంచి వచ్చాక ఎల్లప్ప గది ఖాళీ చేసి, జహనుమాలో ఒక షెడ్డులో గేట్లూ తలుపు మడతబందులూ చేసే పనికి కుదిరాడు. బండి స్టేషను ఆవరణలో గోడవార పడి ఉండేది. ఆఫీసుకు పోయే దారిలో నేను రోజూ చూసేవాణ్ణి. ముందు ట్యాంకు రంగు లేచింది. తర్వాత సీటు చినిగింది. ఒక వానాకాలం అయ్యాక దాని మధ్యలోంచి ఆముదం మొక్క మొలిచింది. ఎనభైలో తుక్కు కింద వేలం వేశారని విని, ఇక ఆ గోడవార చూడవలసిన పని పోయిందని ఒక్క క్షణం ఊరటపడ్డాను. నా మనసు ఎంత పాడైపోయిందో నాకు ఆనాడు తెలిసింది.

కిందటి ఏడు, ఎనభై రెండు చివర్లో, జహనుమా వెళ్లాను. ఎల్లప్ప జుట్టంతా తెల్లబడింది. నన్ను చూసి లేచి, స్టూలు తుడిచి వేసి, చాయ్ చెప్పి పంపాడు. నేను కూర్చోలేదు. ఆ ఆదివారం నువ్వు అడిగితే నేను చూడకుండా చెప్పానని, కోర్టుకు రాకుండా పారిపోయానని, మామగారి జబ్బు అబద్ధమని మొత్తం చెప్పేశాను. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండును.

"ఎర్కే సారూ. ఆనాడు మీరు అద్దాలు పెట్టుకోలే, నేన్ సూసిన," అన్నాడు. స్టూలు నా వైపు జరిపి, "వకీలు మస్తు అడిగిండు, గీతలు తియ్యమన్నదెవరని. ఎవరు అనలేదన్న. మీ పేరు జెప్తే మీ నౌకరి గూడ పోతుండె. ఇద్దరియి పోయి ఏం ఫాయిదా?" అన్నాడు.

మా గుమ్మంలో కుర్చీ వేసుకు కూర్చున్న మనిషి ఆ తర్వాత లేవనే లేదని నాకప్పుడు అర్థమైంది. పక్కన బల్ల మీది మడతబందు చేతిలోకి తీసుకున్నాను. అంచు చురుక్కున వేలిలోకి దిగింది. రక్తం వచ్చింది. ఎల్లప్ప చెయ్యి అలవాటుగా చొక్కా జేబులోకి పోయింది. జేబులో ఏమీ లేదు. నూనె గుడ్డ చింపి నా వేలికి కట్టాడు.

"గరుకుంటయి సారూ, పైలం. నున్నగ జేసుడు బంద్ జేసిన," అన్నాడు.

చాయ్ తాగి ఇంటికి వచ్చాను. వేలికి ఏమైందని హైమవతి అడిగింది. ఆఫీసు తలుపు తగిలిందని చెప్పాను.