ఎడమ వైపు గీతలు

కోరుట్లలో ఒక ప్రైవేటు బడి వెనక రేకుల షెడ్డు ఉంది. ఆ బడి బస్సులన్నీ చూసుకునే మెకానిక్ హరిప్రసాద్ పగలంతా అక్కడే ఉంటాడు. పుట్టింది సిరిసిల్లలో, నేతపనివాళ్ల ఇంట్లో. అక్కడ మరమగ్గాన్ని సాంచా అంటారు. సాంచా మొరాయిస్తే ఆ వాడకట్టులో అందరూ అతన్నే పిలిచేవాళ్లు. పని తగ్గి సాంచాలు ఒక్కొక్కటే పాత ఇనుము కింద పోతుంటే, పానాల సంచి పట్టుకుని కోరుట్ల వచ్చి లారీల షెడ్డులో కుదిరాడు. బ్రేకులు చేయించడానికి అక్కడికి వచ్చిన బడి బస్సు డ్రైవరు రాజం గౌడ్ అతని పని చూశాడు.

"మా బడిల మెకానిక్ కావాల్నట. నాతోని రా తమ్మీ" అని వెంటబెట్టుకుపోయాడు.

ఆ పనితోనే హరిప్రసాద్ సంసారం నిలదొక్కుకుంది. రాజాన్ని సొంత అన్నలాగే చూసుకునేవాడు.

బస్సుల్లో వచ్చే పిల్లలు అతనికి పెద్దగా తెలియరు. సీట్ల కింద దొరికేవాటితోనే తెలుసు. రిబ్బన్లు, పెన్సిలు ముక్కలు, ఒంటి సాక్సు, సగం కొరికిన జామకాయ. ఊడ్చేటప్పుడు వాటిని ఒక డబ్బాలో వేసి గేటు దగ్గర పెట్టేవాడు.

ఆ చలికాలం రాజం నడిపే ఐలాపూర్ బస్సు మాటిమాటికీ షెడ్డుకు రాసాగింది. ఒకసారి చక్రాల మీద బరువు మోసే కమాన్ పట్టీ విరిగింది. స్పీడ్ బ్రేకరు మీద జోరుగా ఎక్కిస్తే తప్ప అట్లా విరగదు. ఆ తర్వాత ఎడమ వైపు, వెనక చక్రం దగ్గర, పొడుగాటి గీతలు.

"ఏందన్నా గీ గీతలు?"

"బర్రెలు అడ్డమచ్చినయి. పక్కకు తీస్తే తుమ్మకొమ్మలు గీసుకున్నయి."

కొన్నాళ్లకు మళ్లీ గీతలు పడ్డాయి, అవీ ఎడమ వైపే. మంచు కురిసే పొద్దుల్లో రాజం ముందుగా బయల్దేరకపోవడం కూడా హరిప్రసాద్ గమనించాడు. ఇంకో బస్సు కదిలేదాకా ఆగి, దాని వెనక ఎర్రలైటు చూసుకుంటూ పోయేవాడు. అనుమానం వచ్చింది గానీ, అన్నం చూపించిన మనిషిని ఏమని అడగాలో తోచలేదు.

వరికోతలు అయిన రోజుల్లో ఒక సాయంత్రం, బ్రేకు చప్పుడు చూద్దామని చెప్పి, ఖాళీ బస్సులో రాజం పక్కన కూర్చుని ఐలాపూర్ దారిన పోయాడు. పొద్దు వాలుతోంది. రోడ్డుకు ఎడమ పక్క సగందాకా వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పెట్టారు. రాజం వేగం తగ్గించలేదు.

"అన్నా, ఆపు."

రాజానికి అర్థం కాలేదు. హరిప్రసాద్ లేచి స్టీరింగును కుడివైపు లాగాడు. ముందు చక్రం ఒక రాయెక్కి దిగింది. బ్రేకు పడి బస్సు ఆగింది. ఆ రాయి అవతలే సత్యవ్వ అనే ముసలామె వడ్లు ఊడుస్తోంది. చీపురు చేతిలో అట్లాగే పట్టుకుని నిలబడింది.

"రాళ్లు గూడ పెట్టుకున్న గదయ్యా. నేను కనిపియ్యలేనా?" అని అడిగింది.

రాజం దిగి ఆ రాయి వంక చూశాడు. తర్వాత బస్సు మెట్టు మీద కూలబడ్డాడు.

"ఎడమ కన్నుల పొగలెక్క కమ్ముకుంటున్నది తమ్మీ. పోయిన ఎండకాలం సంది."

"ఎవ్వలకు చెప్పలేదా?"

"చెప్తే బస్సు నా చేతికిస్తరా? స్టీరింగు తప్ప నాకేం పని వస్తది?" అన్నాడు. మళ్లీ తనే, "పిల్లలున్నప్పుడు మెల్లగనే నడుపుతున్న. నువ్వు చెప్పకు" అన్నాడు.

హరిప్రసాద్ ఏ మాటా ఇవ్వలేదు. వెనక్కి తనే నడుపుకొచ్చాడు. ఇంట్లో కంచం ముందు అన్నం కెలుకుతుంటే భార్య వందన సంగతంతా అడిగి తెలుసుకుంది.

"ఆయన పుణ్యాన్నే బతుకుతున్నం. ఎట్ల చేస్తవు మరి?" అంది.

తెల్లారి డ్రైవర్లందరూ చాబీల కోసం షెడ్డుకు వచ్చారు. ఐలాపూర్ బస్సు చాబి హరిప్రసాద్ గుప్పిట్లో ఉంది. బండ్లు నడిపి చూసే పని కనుక అతనికీ హెవీ లైసెన్సు ఉంది.

"ఇయ్యాల నేను పోత. నువ్వు జగిత్యాల పోయి కండ్లు చూపిచ్చుకో అన్నా."

"నిన్ను ఈడికి తోల్కచ్చిందెవ్వలు?"

"నువ్వే."

"నా చాబి నువ్వే గుంజుకుంటున్నవా?"

"ఔనన్నా."

అందరి ముందూ రాజం తువ్వాల దులిపి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. హరిప్రసాద్ వెళ్లి బస్సుల వ్యవహారం చూసే ప్రేమలత మేడంకు ఉన్నదున్నట్టు చెప్పాడు.

"ఇన్ని రోజులు మీకు తెల్వదా?" అని ఆమె అడిగింది.

"అనుమానమైతే ఉండె మేడం. అడగలేకపోయిన."

ప్రేమలత పంపితే వెళ్లిన జగిత్యాల కంటి ఆసుపత్రిలో, రాజం కుడికంట్లో శుక్లం కనబడితే తీశారు. ఆ చూపు తేటపడింది. ఎడమ కన్ను నీటికాసులనే జబ్బుతో పాడైందని, ఇక రాదని చెప్పారు. పెద్ద బండి నడపడం ముగిసిపోయింది. బస్సులు నిలిపే స్థలంలో గేటు పని ఇస్తామని ప్రేమలత కబురు పంపినా అతను చాలా రోజులు రాలేదు. వందన రెండు మూడుసార్లు వాళ్లింటికి వెళ్లింది. రాజం భార్య రాజవ్వ చాయ పెట్టి మాట్లాడేది. రాజం మాత్రం గోడవైపు తిరిగి పడుకునేవాడు.

చివరికి వచ్చాడు, నల్లద్దాలు పెట్టుకుని. గేటు తీసేవాడు, డ్రైవర్లతో నవ్వేవాడు. హరిప్రసాద్ ఎదురైతే పక్కకు తప్పుకునేవాడు. ఐలాపూర్ దారికి కొత్త డ్రైవరు దొరికేదాకా హరిప్రసాదే ఆ బస్సు నడిపాడు. పిల్లలు రోజూ అడిగేవారు, "రాజం తాత ఎప్పుడస్తడు?" అని. ఏదో ఒకటి చెప్పి దాటవేసేవాడు.

వానలు మొదలయ్యాక ఒకరోజు, హరిప్రసాద్ గేటు దగ్గర బురదలో బస్సును వెనక్కి తీస్తున్నాడు. వెనకద్దం నిండా నీళ్లు, కంటికి ఏమీ ఆనడం లేదు. ఇంతలో బస్సు పక్క రేకు మీద అరచేత్తో తట్టిన చప్పుడు వినిపించింది.

"రానియ్యి... రానియ్యి. జర ఎడమకు కొట్టు తమ్మీ."

హరిప్రసాద్ ఎడమకు కొట్టాడు.