తాళాల తాత

పరుగుల క్లబ్బులో ముసలి దర్జీ ఒకాయన్ని అందరూ తాళాల తాత అంటారు. పందేనికి ముందు సభ్యులు ఇంటి తాళంచెవులు ఆయనకే ఇస్తారు. ఆయన వాటిని దారానికి గుచ్చి మెడలో వేసుకుంటాడు. శనివారం చిన్న పందేలవాళ్లంతా పరుగు ముగించి తాళాలు తిరిగి తీసుకున్నారు. ఆదివారం పెద్ద పందెంలో మాత్రం అందరూ వచ్చేసినా, క్లబ్బు పిల్ల నర్సమ్మ తాళం మెడలోనే ఉండిపోయింది. గడువు ఇంకా ఐదే నిమిషాలుంది; ఆలోగా ముగింపు గీత దాటితేనే పతకం. అంబులెన్సొకటి కూతపెడుతూ వెళ్లింది. ఆయన తాళాన్ని గుప్పిట్లో పట్టుకుని దేవుణ్ణి తలుచుకున్నాడు.

“ఎంతసేపలా నిలబడతావు తాతా? కూర్చోరాదూ!” అన్నాడు క్లబ్బు కెప్టెన్.

“పిల్ల ఇంకా రోడ్డు మీదుంటే కూర్చోబుద్ధవుతుందిట్రా?”

గడువు దాటాక మలుపులో నర్సమ్మ కనిపించింది, కుంటుతున్న వేరే క్లబ్బు అమ్మాయిని భుజం పట్టి నడిపిస్తూ.

“పతకం పోయింది తాతా!” అని నవ్వింది.

ఆయన తాళం ఆమె చేతిలో పెట్టి, ఆ అమ్మాయి వైపు తిరిగాడు.

“నీ తాళం ఎవరి దగ్గరుందమ్మా? పద, వాళ్లెంత కంగారుపడుతున్నారో.”