రోజర్ అంటే అందిందని

మొన్న ఎల్బీ నగర్ చౌరస్తాలో ట్రాఫిక్ కానిస్టేబుల్ భుజం మీది వాకీటాకీ గరగరమని, "రోజర్" అంది. మెట్రో మెట్లు దిగుతున్నదాన్ని అక్కడే ఆగిపోయాను. ఆ మాటకు అర్థం నాకు నేర్పింది యాదగిరి సార్.

తెలంగాణ ఉద్యమం రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్‌లోని మా పత్రిక ఆఫీసుకు ఆయన డెస్క్ ఇన్‌చార్జి. నల్లగొండ పల్లె మనిషి. అంతకుముందు సైన్యంలో వైర్‌లెస్ ఆపరేటర్. రిపోర్టర్లం మేం ఫోన్లో చెప్పిన ప్రతి వార్తనూ మాకే తిరిగి అప్పజెప్పి, చివర "రోజర్" అనేవారు. 'సరే, వేసేస్తాను' అని దానర్థం అనుకునేదాన్ని. అడిగితే నామోషీ అనిపించి అడగలేదు.

ఒక బంద్ రోజు మధ్యాహ్నం ఈ ఎల్బీ నగర్ చౌరస్తాలోనే తోపులాట జరిగింది. మీర్‌పేట్ ఆటో డ్రైవర్ శంకర్ తలకు దెబ్బ తగిలి పడిపోయాడు. అతన్ని దవాఖానకు తీసుకుపోయిన కాసేపటికి, ప్రాణం పోయిందని జనం చెప్పుకున్నారు. వెంటనే ఫోన్ చేశాను.

"సార్, మీర్‌పేట్ ఆటో డ్రైవర్ శంకర్ చనిపోయాడు."

"మీర్‌పేట్. ఆటో డ్రైవర్ శంకర్. సచ్చిపోయిండు. రోజర్."

మా సంస్థకు టీవీ చానల్ కూడా ఉండేది. డెస్క్‌కు అందిన వార్త నిమిషాల్లో తెర కింద అక్షరాలై పరుగెత్తేది. మిగతా వివరాల కోసం దవాఖానకు వెళితే, శంకర్ తలకు కట్టుతో మంచం మీద కూర్చుని ఉన్నాడు. భార్య దులిపేస్తోంది.

"బంద్ నాడు పోకు పోకు అంటే ఇన్నవా? నువ్వేమన్న లీడర్‌వా? ఊర్ల మీ అమ్మ పొద్దంత టీవీ ముందట్నే ఉంటది. గుండె జబ్బు మనిషి. ఎవడన్న నీ పేరు చెప్తే ఆమె ఏమైతదో సోయున్నదా?"

వరండాలోకి పరుగెత్తి ఫోన్ చేశాను.

"సార్, శంకర్ బతికే ఉన్నాడు! స్క్రోలింగ్ ఆపించండి!"

"ఎయ్యంది ఆపుడేంది?"

"రోజర్ అన్నారు కదా సార్?"

"రోజర్ అంటే నీ మాట నాకు మొత్తం అందిందని. నిజమని గాదు, ఏస్తనని గాదు. సూసినవా, ఇన్నవా అని అడిగేలోపే ఫోన్ పెట్టేసినవ్. జర ఇప్పుడన్న చెప్పమ్మా, సూసే చెప్తున్నవా?"

"చూశాను సార్. భార్య చేత తిట్లు తింటున్నాడు."

"శంకర్ బతికున్నడు. పెండ్లాం తిడుతున్నది. రోజర్," అని నవ్వారు. "గిది మాత్రం నమ్ముతున్న."

ఆ సంగతి ఆయన ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. ఆ తర్వాత కళ్లారా చూశాకే ఫోన్ చేయడంతో నేను చాలా వార్తల్లో వెనకబడ్డాను, మాటలు పడ్డాను. అయినా అలవాటు మారలేదు. ఇప్పటికీ ఎవరైనా గట్టిగా ఒక మాట చెబితే, దాన్ని నెమ్మదిగా వాళ్లకే తిరిగి వినిపిస్తాను. చాలామంది సగంలోనే తడబడి, "అంటే, నేను చూడలేదనుకోండి" అంటారు.