ఎమ్మారై గదిలో చదివిన పరాయి దేశపు కథ

2022 వానాకాలం. సికింద్రాబాద్‌లో, బేగంపేట వైపు ఉన్న ఒక స్కానింగ్ సెంటర్లో నేను ఎమ్మారై టెక్నీషియన్‌ని. రోగిని బల్ల మీద పడుకోబెట్టి, సన్నని సొరంగం లాంటి యంత్రంలోకి పంపి, అద్దానికి ఇవతల కూర్చుని చిత్రాలు తీయడం నా పని. లోపల పైగోడ ముక్కుకు జానెడు దూరంలో ఉంటుంది. భయపడి బయటికి తీయమనేవాళ్లను చాలామందినే చూశాను. కానీ అరుణ గారిని మాత్రం మరిచిపోలేను.

ఆమెది బోయిగూడ. ప్రైవేటు స్కూల్లో సోషల్ టీచర్, యాభై దాటిన మనిషి. కొద్ది రోజులుగా కాళ్లు పట్టు తప్పుతున్నాయట. ఆ ఉదయం మంచం దిగలేకపోయారు. మెడ దగ్గర వెన్నుపామును ఏదో నొక్కుతోందని సర్జన్ అనుమానం. ఎక్కడ నొక్కుతోందో చిత్రంలో చూడకుండా ఆపరేషన్ చేయలేరు, ఆలస్యమైతే కాళ్లు తిరిగి రాకపోవచ్చు. మత్తిచ్చి తీద్దామంటే ఆమెకు నిద్రలో ఊపిరి ఆగే జబ్బుంది. "మెలకువలోనే తీయడానికి చూడండి" అన్నారు మత్తు డాక్టరు.

మెడ కాయిల్ అని ఒకటుంటుంది, దవడల చుట్టూ బిగించే పంజరం లాంటి చట్రం. అది బిగించి బల్లను లోపలికి జరిపానో లేదో, అరుణ గారు కేక పెట్టారు. చేతిలో పెట్టిన రబ్బరు బల్బును నొక్కుతూనే ఉన్నారు. ఆపద గంట అది. వెంటనే బయటికి లాగేశాను.

"చిన్నప్పుడు వానకు ఇల్లు గూలింది సార్" అన్నాడు ఆమె భర్త యాదగిరి, గొంతు తగ్గించి. "మట్టి కింద పడి ఉండె. గిప్పటికీ లిఫ్ట్ సుత ఎక్కది."

నేను దగ్గరికి వెళ్లి, "ఏం కాదు మేడమ్, కళ్లు మూసుకోండి చాలు" అన్నాను.

"ఏం గాదని జెప్పకు తమ్మీ. ఏం గాకపోతే నన్ను ఈడికెందుకు తెస్తరు?" అన్నారామె. భర్త చేత సంచిలోంచి ఒక పుస్తకం తీయించి నాకు ఇప్పించారు. ఎక్కడో సముద్రాల అవతలి దేశపు కథలు, తెలుగులోకి అనువాదం. "ఆకాశం దిగే కథ ఉంటది. మైకుల చదువు."

పేజీ తిప్పి చూసి హడలిపోయాను. ఒక ఊళ్లో ఆకాశం రోజూ కొంచెం కొంచెం కిందికి దిగుతుంది. ముందు గాలిపటాలు ఇరుక్కుంటాయి. తర్వాత చర్చి గంట దించేస్తారు. ఆ తర్వాత ఊరంతా వంగి నడుస్తుంది.

"ఇది వద్దు మేడమ్. నవ్వొచ్చేది ఏదైనా చదువుతాను."

"నవ్వొచ్చేది చదివితే ఇంకింత భయమైతది. అబద్ధం అనిపిస్తది. ఈ కథల ఎవ్వరూ భయం లేదనరు. ఆకాశం నెత్తికి తగులుతుంటె సుత కూర వండుకుంటరు."

"పోనీ, మన ఊళ్ల కథ ఏదైనా?"

"బోయిగూడల మిద్దె గూలిందని రాస్తె నేను చదవలేను తమ్మీ. ఇదైతే ఎవరిదో దేశం, నోరు తిరగని పేర్లు. జెర దూరం నిలవడి నా భయాన్ని నేనే చూస్కోవచ్చు."

మళ్లీ లోపలికి పంపాను. ఎమ్మారైలో ఒక్కో కోణానికి ఒక్కో సీక్వెన్స్, అంటే ఒక చిత్రాల వరుస తీస్తాం. తీసేటప్పుడు సుత్తితో కొట్టినట్టు మోత. ఒక వరుసకూ ఇంకో వరుసకూ మధ్య దొరికే నిశ్శబ్దంలో చదివాను. కథలో ఇనేసియా అనే ముసలామె రొట్టెలు అమ్ముకుంటుంది. ఆకాశం దిగినకొద్దీ బల్ల కాళ్లు కోయిస్తుంది. ఇంట్లో పట్టక దారిలో పెట్టిన ఎత్తు బీరువా గురించి పొరుగామెతో తగువు పడుతుంది. రొట్టె పేరు దగ్గర నాకు నోరు తిరగక తడబడ్డాను.

"ఆగకు, ఏదో ఒకటి అను" అని స్పీకర్లో వినిపించింది.

మూడో వరుసలో ఆమె కదలడంతో చిత్రం చెదిరింది. ఆపద గంట మోగింది.

"తమ్మీ... పైకప్పు దిగుతుంది."

వేలు బల్లను బయటికి లాగే బటన్ మీదే ఉంది. ఇప్పుడు తీస్తే ఆమె మళ్లీ లోపలికి వెళ్లరు. తీయకపోతే లోపల ఏమవుతుందో తెలియదు.

"అరుణ గారూ, తీసేయనా?"

ఆయాసం మధ్య సన్నగా, "ఇనేసియా ఇంట్ల ఆకాశం ఎందాంక దిగింది?"

పేజీ వెతికాను. తొందరలో రెండు పేజీలు ఒకేసారి తిప్పేశాను. "పడుకుంటే ముక్కుకు తగిలేదాకా."

"అప్పుడామె ఏం జేసింది?"

"నాలుకతో తాకి చూసింది. వాన నీళ్ల రుచి ఉందట. చప్పగా ఉందని ఉప్పు తెమ్మంది కూతుర్ని."

నేను బటన్ మీద నుంచి వేలు తీయలేదు.

"ఇగ నీ చప్పుడు షురూ చెయ్యి" అన్నారు.

చెదిరిన వరుస మళ్లీ తీశాక, చివరి వరుస అన్నిటికంటే పొడుగనీ, నోరు కూడా కదపొద్దనీ చెప్పాను. అది ముగిశాక మైకులో పిలిచాను. జవాబు లేదు. ఇంకోసారి పిలిచాను. కెమెరాలో ఆమె పాదాలు తప్ప ఏమీ కనిపించడం లేదు, అవి కదలడం లేదు. ఆ కాళ్లు ఎలాగూ కదలవన్న సంగతి కూడా ఆ క్షణం నాకు గుర్తు రాలేదు. తలుపు తోసుకుని వెళ్లి బల్ల లాగేశాను. కళ్లు తెరిచే ఉన్నాయి. కన్నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి. ఛాతీ ఎగసిపడుతోంది.

"పలకలేదేం మేడమ్?"

"కదలద్దన్నవు గదా."

పక్కనున్న స్టూలు మీద కూలబడ్డాను.

డిస్కు ఒకటి జారి వెన్నుపామును నొక్కేసింది. చిత్రాల్లో స్పష్టంగా కనిపించింది. ఆ రోజే ఆపరేషన్ చేశారు. కొన్ని నెలల తర్వాత మళ్లీ స్కాన్‌కు వచ్చినప్పుడు అరుణ గారు కర్ర సాయంతో నడుస్తున్నారు. ఎడమ పాదంలో తిమ్మిరి పోలేదట. కాయిల్ బిగిస్తుంటే ఆమె రబ్బరు బల్బును అప్పట్లాగే గట్టిగా పట్టుకున్నారు.

"భయం ఇంకా పోలేదా?" అని అడిగాను.

"యాడికి పోతది? నాతోనే వస్తది, నాతోనే పండుకుంటది" అన్నారు.

అలాంటి కథలు కష్టాన్ని మరిచిపోవడానికని నేననుకునేవాణ్ని. నిజానికి అవి భయాన్ని ఇంట్లోకి రానిచ్చి, దానికో పీట వేసి, పొయ్యి మీది పని చూసుకుంటాయి. ఇప్పుడు ఎవరినైనా లోపలికి పంపే ముందు నేను చెప్పేది ఇంతే: "ఇరుకుగా ఉంటుంది. భయం వేస్తుంది. నేను ఇక్కడే మాట్లాడుతూ ఉంటాను." ఇందులో అబద్ధం లేదు కాబట్టో ఏమో, చాలామంది కదలకుండా పడుకుంటారు.