ట్రయల్‌కి తీసిన బండి

చెవుల మేస్త్రికి లైసెన్సు లేదన్న సంగతి ఆయన భార్యకి కూడా యాక్సిడెంటు అయ్యాకే తెలిసింది. ఇరవై ఆరేళ్లుగా రోజుకి నాలుగైదు కార్లు నడుపుతున్న మనిషిని పట్టుకుని లైసెన్సు ఉందా అని ఎవరడుగుతారు? ఎవరూ అడగలేదు. ఆయనా చెప్పలేదు.

ఆయన పనిచేసే కార్ల రిపేరు షెడ్డులో ఒక పద్ధతి ఉండేది. బ్రేకులు బాగుచేసిన బండి ఏదైనా సరే, మేస్త్రి స్వయంగా వీధి చివరిదాకా ట్రయల్ వేసి వస్తే తప్ప ఓనరు తాళాలు కస్టమర్ చేతికి ఇచ్చేవాడు కాదు. మేస్త్రి ట్రయల్ వేసే తీరు చూడ్డానికి తమాషాగా ఉండేది. అద్దం దించి, తల బయటికి వంచి, ముందు చక్రం తనకేదో రహస్యం చెబుతున్నట్టు వింటూ పోయేవాడు. తిరిగొచ్చి, "ప్యాడ్ ఒక పక్కే అరుగుతోంది" అనేవాడు. విప్పి చూస్తే అంతే. చెవుల మేస్త్రి అన్న పేరు అలా వచ్చింది. ఆ పేరంటే ఆయనకి లోలోపల గర్వమే.

లైసెన్సు లేకపోవడానికి కారణం వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు. వయసులో ఉండగా ఒకసారి లైసెన్సులిచ్చే ఆఫీసుకి వెళ్లాడు. బల్ల ముందు కూర్చోబెట్టి ప్రశ్నల కాగితం ఇచ్చారు. మేస్త్రికి అక్షరం ముక్క రాదు. పంటి నొప్పని చెప్పి బయటికొచ్చేశాడు. చదువు రానివాళ్లని నోటితో కూడా అడుగుతారని పక్కవాణ్ణి కనుక్కుంటే తెలిసేది. కానీ కనుక్కోవాలంటే చదువు రాదని ఒప్పుకోవాలి, అక్కడే ఆయన ప్రాణం పోయేది. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఇదే.

ఆ రోజు పొద్దున పదిన్నరకి తెల్ల కారొకటి ట్రయల్‌కి తీశాడు. వీధి మలుపు తిరగ్గానే చక్రంలోంచి సన్నగా ఒక కీచు చప్పుడు వినిపించింది. ఇంకాస్త వంగాడు. అదే సమయానికి ఆ వీధిలోనే బట్టలు కుట్టే టైలరమ్మ గుడ్డల మూట చంకన పెట్టుకుని రోడ్డు దాటుతోంది. మేస్త్రి తలెత్తేసరికి ఆమె బానెట్ ముందు ఉంది. బ్రేకు తొక్కాడు. బండి ఉన్నపళంగా ఆగింది. కానీ అప్పటికే టైరు ఆమె కుడిపాదం మీద ఉంది. బ్రేకులు బ్రహ్మాండంగా పనిచేశాయన్న సంగతే తర్వాత ఆయన్ని ఎక్కువగా కాల్చుకు తిన్నది. ఒక్క క్షణం ముందు చూసి ఉంటే చాలు.

పాదం నిలవలేదు, చీలమండ దాకా తీసేశారు. కాలితో మిషను తొక్కి బతికే మనిషికి కుడిపాదమే పోయింది.

స్టేషన్లో మొదట అడిగింది లైసెన్సే. ఆయన మీద రెండు కేసులు రాశారు: లైసెన్సు లేకుండా నడిపినందుకు ఒకటి, అజాగ్రత్తగా నడిపి మనిషిని అవిటిదాన్ని చేసినందుకు ఇంకొకటి. రెండు రోజుల తర్వాత బెయిలు మీద వదిలారు. ఇంతలో ఇన్సూరెన్సు కంపెనీ నుంచి కాగితం వచ్చింది. నడిపినవాడికి లైసెన్సు లేదు కాబట్టి నష్టపరిహారంతో తమకి సంబంధం లేదని చేతులు దులుపుకుంది. షెడ్డు ఓనరు ఆస్పత్రి ఖర్చు భరించి అక్కడితో చతికిలబడ్డాడు. మేస్త్రిని మాత్రం పనిలోంచి తీయలేదు. స్టీరింగు ముట్టుకోకుండా విప్పడం, బిగించడం చేసుకోమన్నాడు. మేస్త్రి తన జీతంలో సగం నెలనెలా టైలరమ్మ ఇంటికి పంపేవాడు. కేసు ఏడాదిన్నర నడిచింది.

మేస్త్రి తరఫు లాయరు గట్టివాడు. లైసెన్సు లేకపోవడం ఒక తప్పు, గుద్దడం వేరే తప్పు అని విడమరిచి చెప్పాడు. మొదటిది ఒప్పుకుంటే జరిమానాతో పోతుంది. రెండోది పోలీసులు రుజువు చేసుకోవాలి. వేగం లేదు, బ్రేకులు బాగున్నాయి, ఆమే హఠాత్తుగా అడ్డమొచ్చింది. "మీరు నోరు మెదపకుండా ఉంటే చాలు, మిగతాది నేను చూసుకుంటాను" అన్నాడు. వాయిదాకి బయల్దేరేటప్పుడు భార్య చెప్పులు అందిస్తూ, "ఏమండీ, ఆయన చెప్పినట్టే చెయ్యండి. మీరు లేకపోతే నాకెవరున్నారు?" అంది. మేస్త్రి తలూపాడు. నిజంగానే ఊపాడు, ఆ పూటకి ఆయన ఉద్దేశం అదే.

టైలరమ్మ చంకకర్ర మీద వచ్చి బోనెక్కింది. లాయరు మెత్తగానే మొదలుపెట్టాడు. చంకలో మూట ఉందా? ఉంది. మూట వల్ల ఆ పక్క కనిపించదు కదా? కనిపించింది. బండి కనిపిస్తే ఆగకుండా ఎందుకు దాటారు? నెమ్మదిగా వస్తోంది, నన్ను చూస్తారనుకున్నాను. అనుకున్నారా, చూశారా? ఆమె తడబడింది. ఆ తడబాటు పట్టుకుని అటు తిప్పి ఇటు తిప్పి, తన పాదం తనే తీసుకెళ్లి టైరు కింద పెట్టిందన్నట్టు తేల్చాడు. ఆమె కర్ర మీద చెయ్యి మార్చుకుంటూ, ఎవరైనా సాయం వస్తారేమో అన్నట్టు చుట్టూ చూసింది. మేస్త్రికి ఒళ్లు మండింది. లాయరు మీద కాదు, తన మీద.

"అయ్యా, ఆమె తప్పేం లేదు" అన్నాడు లేచి.

ముందు మీ లాయరుతో మాట్లాడుకోండని మేజిస్ట్రేటు హెచ్చరించాడు. అక్కర్లేదన్నాడు మేస్త్రి.

"నేను రోడ్డు చూడలేదయ్యా. చక్రం చప్పుడు వింటున్నాను. ఇరవై ఆరేళ్లుగా అలాగే నడిపాను. ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు అడ్డం రావాల్సిందే, పాపం ఈమె వచ్చింది."

లాయరు కాగితాలు సర్దుకున్నాడు. ఏడాది జైలు, లైసెన్సు లేనందుకు జరిమానా వేరే. తీర్పు విన్నాక మేస్త్రికి గుండెల మీద బరువు దించినట్టే అనిపించింది. ఆ మాట దాచడమెందుకు.

వరండాలో భార్య బెంచీ మీద కూర్చుని ఉంది. ఏడవడం లేదు, ఆయన వంక చూడనూ లేదు. పోలీసులిద్దరూ కాగితాల కోసం ఆగారు. అప్పుడు టైలరమ్మ కర్ర టకటకలాడించుకుంటూ దగ్గరికొచ్చింది. ఒక మంచి మాట అంటుందని మేస్త్రి ఆశపడ్డాడు. మనిషి కదా.

"మీరు చూడలేదని నాకు ఆ రోజే తెలుసండీ. బండి ముందు నిలబడింది నేనేగా" అంది. "ఆ లాయరు నాలుగు మాటలంటే పడేదాన్ని. కాలే పోయింది, మాటలొక లెక్కా? నెలనెలా మీరు పంపేదాంతోనే మా పొయ్యి వెలుగుతోంది. ఇప్పుడు మీ మనసు తేలికపడింది. రేపట్నించి నేనేం చెయ్యాలి?"

పోలీసు మేస్త్రి భుజం మీద చెయ్యి వేసి పదమన్నాడు.

టైలరమ్మ ఒంటికాలి మీద నిలబడలేక, వెళ్లి మేస్త్రి భార్య పక్కన బెంచీ మీద కూర్చుంది.