గుండ్రటి గింజ మీద సంతకం

పందొమ్మిదేళ్లు ఫ్రౌకె సూక్ష్మదర్శిని ముందు నడుం విరిగేలా కూర్చుని తీసిన ఫొటోలన్నిటి కిందా మందుల ల్యాబు పెద్ద డాక్టర్ మార్నిక్స్ పేరే పడింది. ఆవిడ పేరంటారా? పరిశోధన వ్యాసాల చివరి పేజీ కృతజ్ఞతల్లో, గాజుసామాను కడిగే యంత్రం అమ్మిన కంపెనీ తర్వాత. ఆవిడ నోరెత్తలేదు. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో ఎదురుగాలికి సైకిల్ తొక్కీ తొక్కీ తల వంచడం అలవాటైపోయిన మనిషి.

ఆవిడ చూసేది పాలచక్కెర గింజల్ని. ఉబ్బసం ఉన్నవాళ్లు డబ్బా నోట పెట్టుకుని పీల్చే పొడిమందు ఉంటుందే, అందులో అసలు మందు దుమ్ముకంటే సన్నం. తనంతట తాను కదల్లేదు. అందుకని దాన్ని పాలచక్కెర గింజ వీపు మీద ఎక్కిస్తారు. రోగి గట్టిగా పీల్చగానే మందు వీపు దిగి ఊపిరితిత్తుల్లోకి పోవాలి, గింజ గొంతులో ఆగాలి. మందు దిగనని మొరాయిస్తే గింజతోపాటే గొంతులో చతికిలబడుతుంది. పాపం రోగి పీల్చాననే అనుకుంటాడు.

ఆ శుక్రవారం మార్నిక్స్ పుట్టినరోజు. అక్కడ పుట్టినరోజు ఎవరిదో వాళ్లే అందరికీ కేకు తేవాలి. ఆయన ఆపిల్ కేకు కోసి పంచుతూ, ఫ్రౌకె ప్లేటు పక్కన ఒక కాగితం పెట్టాడు. కొత్తగా చౌకలో దొరికిన పాలచక్కెర పరీక్ష ఫలితం అది. గింజలు చూసినవాళ్ల సంతకం పడందే సరుకు బయటికి పోదు.

“జల్లెడ పరీక్ష పాసైంది. ఓ సంతకం గీకెయ్, ఫ్రౌకె.”

“పాత గింజ పొడుగండీ. ఇది గుండ్రం.”

“సైజు ఒకటేగా!”

“జల్లెడకి తెలిసింది అంతే. పొడుగు గింజ నిలువుగా నిలబడి కన్నంలోంచి జారుతుంది, గుండ్రంది దొర్లి జారుతుంది. రెండూ ఒకటేనంటుంది వెర్రి జల్లెడ. మనమూ అలాగే అనాలా?”

కాంటీన్‌లో పనిచేసే సీత్సె కాఫీ పోస్తూ కిసుక్కుమన్నాడు. ఈ మందు మీదే బతుకుతున్న ఉబ్బసం మనిషి అతను.

“కృత్రిమ గొంతు పెట్టి మూడుసార్లు చూశాను,” అంది ఫ్రౌకె. “పాత గింజతో లోపలికి చేరిన మందులో సగమే చేరింది, కొత్తదానితో.”

“గుండ్రం గింజ యంత్రాల్లో ఇరుక్కోదు తెలుసా? ఫ్యాక్టరీవాళ్లు చేతులెత్తి దణ్ణం పెడుతున్నారు!”

“యంత్రానికి ఉబ్బసం లేదుగా.”

మార్నిక్స్ చెవులు ఎర్రబడ్డాయి. “ఫొటోలు తీసేదానివి, ఫొటోలు తియ్యి. సైన్సు మాకొదిలెయ్.”

“సంతకం పెట్టకు ఫ్రౌకె,” అన్నాడు సీత్సె, కాఫీ కూజా కింద పెట్టి. “పీల్చేది వీళ్లు కాదు, నేను.”

ఫ్రౌకె కాగితాన్ని ఖాళీగానే ఆయన ముందుకు తోసి, కేకు ముక్క ముట్టకుండా లేచింది.

ఏం చదువులు ఇవి! ఊపిరి గురించి పుస్తకాలు రాసిన పెద్దమనుషులు పదిమంది ఆ గదిలో ఉన్నారు. ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, ఆ మూడు పరీక్షల కాగితాలు ఏవీ అని అడగలేదు. రెండో ముక్క కేకు మాత్రం అడిగారు. సోమవారం పొద్దున్నే ఇంకెవరిదో చెయ్యి సంతకం పెట్టింది. సరుకు బయటికి పోయింది. ఫ్రౌకెని గాజుసామాను కడగడానికి మార్చారు.

ఆవిడ పరీక్షలన్నీ జతచేసి మందుల అధికారులకు రాసింది. “పరిశీలిస్తున్నాం” అని ఒక్క ముక్క జవాబు వచ్చింది. ఎన్నాళ్లు పరిశీలిస్తారు? ఈలోపు కొత్త సరుకు డబ్బా తప్ప దొరకని సీత్సె మెట్లెక్కడానికి రెండుచోట్ల ఆగుతున్నాడు.

చదువుతున్న మీ ఇంట్లో పొడిమందు పీల్చేవాళ్లుంటే, డబ్బా మారాక ఆయాసం పెరిగినా, గొంతు బొంగురుపోయినా ఊరుకోకండి. మందు మీ అంతట మీరు మానెయ్యకండి. డబ్బా పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. దాని మీది బ్యాచి నంబరు రాసి అధికారులకు ఫిర్యాదు పంపండి. గింజ సైజు కాదు, ఆకారం ఎవరు చూశారో చెప్పమని నిలదీయండి. జవాబు వచ్చేదాకా మళ్లీ మళ్లీ రాయండి.