గింజలున్న చింతపండు

ఎండాకాలం సెలవులు మొదలైన మూడో రోజు మా లెక్కల టీచర్ పోయారని ఫోన్ వచ్చింది. చేసింది బడిలో నా పక్కన కూర్చున్న పదహారు. ఆ టీచర్ దగ్గర మాకు పేర్ల కన్నా హాజరు నంబర్లే ఎక్కువ. "పదిహేడూ, టీచర్ వోయిందే" అని ఏడ్చింది. నేనిప్పుడు వీపనగండ్లలో పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. మా ఊరు గద్వాలకు బస్సెక్కి ఏడుద్దామని కూర్చుంటే నవ్వొచ్చింది. ఏం చేయను, ఆవిడను తలచుకుంటే ముందు వచ్చేది నవ్వే.

సెలవుల్లో కూడా హాజరు తీసుకున్న టీచర్ లోకంలో ఆవిడొక్కరేనేమో. మిట్టమధ్యాహ్నం నల్ల గొడుగేసుకుని మా వీధికొచ్చి, మగ్గాల చప్పుడును మించి పిలిచేవారు. "పదహారూ! ఏం తిన్నవ్?" జవాబుగా కూర పేరు చెప్పాలి. "టీచర్, జర మాకు గూడ నంబర్లియ్యి" అని మగ్గం మీది ఆడవాళ్లు ఆటపట్టించేవారు. బడి మూస్తే మధ్యాహ్న భోజనమూ మూతపడుతుంది కదా. "సెలవు బడికే, కడుపుకు గాదు" అనేవారు ఆవిడ.

నేను ఏడో తరగతి ముగించిన ఎండాకాలం అమ్మానాన్న పూణేకు కూలి పనికి పోయారు. చూపు సరిగా ఆనని నాయనమ్మతో నేనున్నాను. మధ్యాహ్నం ఇద్దరం బొరుగులు నానేసుకుని తినేవాళ్లం. ఈ సంగతి బయటపడితే అమ్మ నన్ను బడి మాన్పించి పూణే తీసుకుపోతుందని నా భయం. అందుకే రోజూ అందరికన్నా గట్టిగా "పప్పు, టీచర్!" అని అరిచేదాన్ని.

అయిదో రోజు ఆవిడ మా గడప దాకా వచ్చారు.

"ఏం పప్పు?"

"కందిపప్పు, టీచర్."

"ఏదీ, చెయ్యి చూపియ్."

అరచెయ్యి వాసన చూశారు. నా గౌను మీద అంటుకున్న ఒక బొరుగును వేలితో తీసి, నాకొక్కదానికే వినపడేలా, "మీ కందిపప్పు తెల్లగున్నదేందే?" అన్నారు. తర్వాత వీధంతా వినపడేలా, "మా ఇంట్ల చింతపండు గింజలు తీసేదున్నది. నా ఒక్కదానితోని అయితలేదు. అందరు రాండ్రి!" అన్నారు.

మరునాటి నుంచి నంబర్లన్నీ ఆవిడ వసారాలోనే. తీసిన గింజలతోనే భిన్నాలు నేర్పించారు. ఆ తర్వాత జొన్నరొట్టె, పప్పు, పచ్చిపులుసు. నాకేమో టీచర్‌కు సాయం చేస్తున్నానని ఒకటే గర్వం. పోయేటప్పుడు డబ్బా చేతికిచ్చి, "ఉప్పు సరిపోయిందో లేదో మీ నాయనమ్మను చెప్పమను" అనేవారు. నాయనమ్మ రోజూ ఉప్పు తక్కువైందనే చెప్పింది! జూన్‌లో బడి తెరిచినప్పుడు పదిహేడు పూణేలో కాదు, అక్కడే ఉంది.

అంత్యక్రియలైన సాయంత్రం టీచర్ చెల్లెలు పదహారునూ నన్నూ వంటింట్లోకి పిలిచింది. అటక కింద వరసగా జాడీలు. అన్నింట్లోనూ చింతపండే. పాతది నల్లగా గడ్డకట్టింది.

"ఇదంత ఏంజేయాల్నో తెల్వదు బిడ్డా. ఏటేటా గింజలున్నదే కొనేది, గింజ తీసింది అంగట్ల దొరుకుతది గద అక్కా అంటే ఇనకపోయేది. పులుపు తింటే ఆమెకు కడుపుల మంట గూడ."

పదహారు నా మొహం చూసింది. ఇద్దరికీ ఒక్కసారే నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే ఏడుపూ వచ్చింది. ఇన్నేళ్లూ సాయం చేశామనుకున్నాం, పిచ్చి మొహాలం.

మర్నాడు వీపనగండ్లలో బస్సు దిగి నేరుగా కిరాణా కొట్టుకు పోయాను. కొట్టతను మంచి చింతపండు చూపించాడు. "ఇది గింజ తీసింది మేడం, సాఫ్‌గున్నది."

"వద్దు. గింజలున్నదే ఇయ్యి, అయిదు కిలోలు."

"గంత ఏంజేస్తరు మేడం?"

"నా ఒక్కదానితోని అయితలేదని చెప్పేదున్నది" అన్నాను.

అతనికి ఏమీ అర్థం కాలేదు. సంచీ చంకన పెట్టుకుని, మా బడి పిల్లలుండే వీధిలోకి మలుపు తిరిగి, గొంతు సవరించుకున్నాను.

"మూడూ! ఏం తిన్నవ్?"